నూటికి ముగ్గురా, ఆరుగురా?

పసిబిడ్డ పుట్టగానే గది బయట కూర్చున్నవాళ్ళు అడిగే మొదటి ప్రశ్న ‘ఆడా, మగా?’ అని. రెండో ప్రశ్నను చాలామంది పైకి అడగరు. బిడ్డను చేతుల్లోకి తీసుకుని కళ్ళతోనే వెతుక్కుంటారు. వేళ్ళు అయిదేసి ఉన్నాయా? పెదవి బాగుందా? పాదాలు తిన్నగా ఉన్నాయా? అన్నీ సవ్యంగా ఉంటే ‘తల్లీ బిడ్డా క్షేమం’ అని నలుగురికీ కబురు వెళుతుంది.

కాని ప్రతి ఇంటా అలా జరగదు. కొందరు బిడ్డలు పై పెదవి చీలి పుడతారు. దాన్నే మనం గ్రహణం మొర్రి అంటాం. కొందరి పాదాలు లోపలికి వంకర తిరిగి ఉంటాయి. కొందరికి గుండె గదుల మధ్య గోడలో చిల్లు ఉంటుంది. కొందరికి వెన్నెముక సరిగ్గా మూసుకోదు. మరికొందరు పైకి చక్కగానే కనిపిస్తారు, కాని చెవులు వినపడవు. వీటన్నిటినీ కలిపి పుట్టుకతో వచ్చే లోపాలు అంటారు.

ఇవి ఎంతమందిలో వస్తాయో చెప్పగలరా? లక్షకు ఒకరిలోనా? వెయ్యికి ఒకరిలోనా? కాదు. సుమారుగా నూటికి ముగ్గురిలో! రోజుకు పది కాన్పులు జరిగే ఆస్పత్రి ఉందనుకోండి. అక్కడ మూడు నాలుగు రోజులకొకసారి ఇలాంటి బిడ్డ పుడుతుందన్నమాట.

ఇంత తరచుగా వచ్చేవి మన కంటికి ఎందుకు ఆనవు? కొన్ని లోపాలు శరీరం లోపల ఉంటాయి. కొన్నిటిని డాక్టర్లు చిన్నతనంలోనే సరిచేస్తారు. కొందరు బిడ్డలు పుట్టిన కొద్దిరోజులకే చనిపోతారు. ఇంకొందరిని ఇంట్లోవాళ్ళు సిగ్గుపడి నలుగురిలోకీ తీసుకురారు. సిగ్గు ఎందుకంటే, తప్పెవరిదో వెంటనే తేల్చేసే అలవాటు మనకుంది కనుక. ఆ వేలు ఎక్కువగా తల్లివైపే చూపుతుంది.

తప్పు ఎవరిదో కోపం తేల్చలేదు. లెక్క తేలుస్తుంది. అదెలాగో చూద్దాం.

గ్రహణం మీద విచారణ

ముందుగా మన పాత ముద్దాయిని బోను ఎక్కిద్దాం. గ్రహణం పట్టినప్పుడు గర్భిణి బయటికి వస్తేనో, కత్తిపీట ముట్టుకుంటేనో బిడ్డకు మొర్రి వస్తుందని మనవాళ్ళ నమ్మకం. అందుకే ఆ లోపానికి ఆ పేరు వచ్చింది. 1980 ఫిబ్రవరి 16న మన ప్రాంతంలో సంపూర్ణ సూర్యగ్రహణం పట్టింది. హైదరాబాదు దగ్గరి జపాల్–రంగాపూర్ వేధశాలలో శాస్త్రజ్ఞులు దుర్భిణులు సిద్ధం చేసుకుంటూ ఉంటే, ఊళ్ళల్లో జనం తలుపులు మూసుకుని లోపల కూర్చున్నారు.

ఇప్పుడు ముక్కుకు సరిగ్గా కింద, పై పెదవి మీద వేలు పెట్టి చూడండి. నిలువుగా చిన్న గాడి తగులుతుంది కదా! తల్లి కడుపులో మీ ముఖం ముక్కలు ముక్కలుగా మొదలయింది. రెండు పక్కల నుంచి రెండు ముక్కలు, మధ్య నుంచి ఒకటి పెరుగుతూ వచ్చి కలిశాయి. ఆ గాడి వాటి కలయికకు గుర్తు. అంటే ప్రతి మనిషి పెదవీ మొదట విడివిడిగా ఉన్నదే! ఈ అతుకు పడేది గర్భంలో పిండం ఏర్పడిన నాలుగో వారానికీ ఏడో వారానికీ మధ్య. ఏ కారణం వల్లనైనా ముక్కలు కలవకపోతే మొర్రి మిగులుతుంది.

ఇక్కడ ఒక లెక్క కట్టండి. 1980 గ్రహణమే మొర్రికి కారణమైతే, ఆ రోజున నాలుగు నుంచి ఏడు వారాల వయసున్న పిండాలకే రావాలి. అయిదో నెల, ఎనిమిదో నెల గర్భిణులకు భయమే లేదు. వాళ్ళ బిడ్డల పెదవులు అప్పటికే అతుక్కుపోయాయి. మొర్రితో పుట్టే బిడ్డలందరూ ఆ సెప్టెంబరు చివరా, అక్టోబరు మొదట్లోనే పుట్టాలి. మిగతా నెలల్లో ఒక్కరూ పుట్టకూడదు. గ్రహణమే కనిపించని దేశాల్లో ఆ ఏడాది మొర్రి అన్నదే ఉండకూడదు. వాస్తవం ఏమిటి? మొర్రి బిడ్డలు అన్ని దేశాల్లోనూ, అన్ని నెలల్లోనూ, సుమారు ఏడువందల కాన్పులకు ఒకరు చొప్పున పుడుతూనే ఉన్నారు. ముద్దాయి నిర్దోషి అని తేలింది!

చూశారా, దుర్భిణీ లేకుండా, మందూ మాకూ లేకుండా, ఎవరు ఎప్పుడు పుట్టారన్న లెక్కతోనే ఒక పాత నమ్మకాన్ని పరీక్షించాం.

అసలు నేరస్థులు

లెక్కలే అసలు నేరస్థులను కూడా పట్టించాయి. 1941లో ఆస్ట్రేలియాలోని సిడ్నీ నగరంలో నార్మన్ గ్రెగ్ అనే కంటి డాక్టరు దగ్గరికి కళ్ళలో శుక్లాలతో పుట్టిన పసిపిల్లలు వరసగా రాసాగారు. పసిపిల్లలకు శుక్లాలేమిటి? ఆయన ఆ తల్లులను విచారించి, ఇతర డాక్టర్ల నుంచి కూడా వివరాలు సేకరించాడు. వాళ్ళలో చాలామందికి గర్భం మొదటి నెలల్లో రుబెల్లా అనే తట్టు వంటి జ్వరం వచ్చిందని తేలింది. ఇప్పుడు దానికి టీకా ఉంది.

1957లో పశ్చిమ జర్మనీలో థాలిడోమైడ్ అనే మందు అమ్మకానికి వచ్చింది. గర్భిణులకు వేవిళ్ళు తగ్గుతాయని ఇచ్చారు. కొద్ది ఏళ్ళలోనే చేతులూ కాళ్ళూ పొట్టిగా ఉన్న బిడ్డలు పుట్టడం మొదలయింది. అంతకుముందు చాలా అరుదుగా కనిపించే లోపం అది. 1961 చివర్లో ఆ మందును అక్కడ ఆపేసేలోగా ప్రపంచంలో పదివేలమందికి పైగా బిడ్డలు దాని వాత పడ్డారు. మామూలుగా ఎందరు అలా పుడతారన్న లెక్క దేశదేశాల్లో క్రమంగా రాసి ఉంటే ప్రమాదం ఇంకా ముందే బయటపడేది. ఈ దెబ్బతోనే పుట్టుక లోపాలను రాసిపెట్టే పట్టికలు అనేక దేశాల్లో మొదలయ్యాయి.

జ్వరాలు, మందులు బయటి నుంచి వచ్చే కారణాలు. లోపలి నుంచి వచ్చేవీ ఉన్నాయి. మన ప్రతి కణంలోనూ 23 జతల క్రోమోజోములు ఉంటాయి. 21వ రకం క్రోమోజోము రెండుకు బదులు మూడు ఉంటే డౌన్ సిండ్రోమ్ వస్తుంది. తల్లి వయసు పెరిగేకొద్దీ దాని అవకాశం పెరుగుతుంది. క్రోమోజోముల మీద ఉండే జన్యువులలో దోషం ఉన్నా లోపాలు వస్తాయి. ఇవన్నీ పోగా, ఫలానా అని వేలెత్తి చూపలేని లోపాలే ఎక్కువ. అవి అనేక చిన్న చిన్న కారణాలు కలిసివచ్చినవి.

జన్యువుల మాట రాగానే మన తెలుగువాళ్ళు అడగవలసిన ప్రశ్న ఒకటుంది. మేనరికం మాటేమిటి?

డార్విన్‌గారి మేనరికం

ఈ ప్రశ్న మనకన్నా ముందే ఒక మహా శాస్త్రజ్ఞుణ్ణి వేధించింది. జీవపరిణామ సిద్ధాంతం చెప్పిన చార్లెస్ డార్విన్ 1839లో ఎమ్మా వెడ్జ్‌వుడ్‌ను పెళ్ళి చేసుకున్నాడు. ఎమ్మా ఆయనకు ఏమవుతుందో తెలుసా? స్వయానా మేనమామ కూతురు! వాళ్ళకు పదిమంది పిల్లలు పుట్టారు. ముగ్గురు చిన్నతనంలోనే పోయారు. పదేళ్ళ కూతురు ఆనీ చనిపోయినప్పుడు డార్విన్ కుంగిపోయాడు. తమ పెళ్ళే పిల్లల అనారోగ్యానికి కారణమేమోనన్న అనుమానం ఆయన్ను వదలలేదు.

అయితే ఆయన శాస్త్రజ్ఞుడు. అనుమానపడి ఊరుకోలేదు. 1871లో బ్రిటన్‌లో జనాభా లెక్కలు తీయబోతున్నారు. ‘మీరు దగ్గర బంధువును పెళ్ళాడారా?’ అనే ప్రశ్నను అందులో చేర్చమని పార్లమెంటు సభ్యుడైన తన మిత్రుడు జాన్ లబ్బాక్ ద్వారా అడిగించాడు. పార్లమెంటు ఒప్పుకోలేదు. డార్విన్ కొడుకు జార్జి 1875లో తనకు దొరికిన వివరాలతో లెక్క కట్టాడు కాని, కచ్చితమైన జవాబు రాలేదు.

కచ్చితమైన జవాబుకు అడ్డేమిటి? మూడు చిక్కులున్నాయి. మొదటిది, ఎంతమందిలో ఎంతమంది అన్నది. ‘మా ఆస్పత్రికి మేనరికపు బిడ్డలు నలభైమంది వచ్చారు’ అంటే ఏమీ తెలియదు. ఆ ఊళ్ళో మేనరికపు బిడ్డలు మొత్తం ఎందరు? నాలుగు వందలా, నాలుగు వేలా? పైగా పెద్దాస్పత్రికి చుట్టుపక్కల కష్టమైన కేసులన్నీ వస్తాయి కనుక, అక్కడ లోపాలు ఎక్కువగానే కనిపిస్తాయి. రెండోది, ఎప్పుడు చూశారన్నది. పుట్టిన రోజున చూస్తే మొర్రి కనిపిస్తుంది. గుండెలో చిల్లు నెలల తరవాత బయటపడవచ్చు. మూడోది, దేన్ని లోపంగా రాశారన్నది. చెవి ముందు చిన్న కండ తునకను కూడా రాస్తే లెక్క పెరుగుతుంది. అందుకే ఒక దేశపు లెక్కకూ మరో దేశపు లెక్కకూ తేడాలుంటాయి.

డార్విన్ అడిగిన ప్రశ్నకు ఈ మూడు చిక్కులూ విప్పి జవాబు చెప్పిన ఊరు ఆయన దేశంలోనే ఉంది. కాకపోతే అందుకు నూట నలభై ఏళ్ళు పట్టింది.

బ్రాడ్‌ఫర్డ్‌లో పుట్టినవాళ్ళు

ఇంగ్లండు ఉత్తర భాగంలో బ్రాడ్‌ఫర్డ్ అనే నగరం ఉంది. ఒకప్పుడు ఉన్ని మిల్లులకు పేరుపొందింది. 1950, 60లలో ఆ మిల్లుల్లో పనికి పాకిస్తాన్ వైపు నుంచి వేలమంది వచ్చి స్థిరపడ్డారు. వాళ్ళలో చాలామంది మీర్‌పూర్ ప్రాంతంవాళ్ళు. అక్కడ మంగళా ఆనకట్ట కట్టినప్పుడు ఊళ్ళు మునిగి వలస వచ్చినవాళ్ళూ ఉన్నారు. వాళ్ళలో దగ్గర బంధువుల పెళ్ళిళ్ళు ఆనవాయితీ.

బ్రాడ్‌ఫర్డ్‌లో పసిపిల్లల మరణాలు దేశంలో మిగతా చోట్ల కన్నా ఎక్కువగా ఉండేవి. ఎందుకు? పేదరికం వల్లనని కొందరన్నారు. సిగరెట్లు, తాగుడు అని కొందరు. బంధువుల పెళ్ళిళ్ళని కొందరు. వాదనతో తేలే విషయం కాదని పరిశోధకులు ఒక పెద్ద లెక్కకు పూనుకున్నారు. దానికి ‘బ్రాడ్‌ఫర్డ్‌లో పుట్టాం’ అని పేరు పెట్టారు.

2007 నుంచి గర్భిణులు ఆరు, ఏడు నెలల వేళ చక్కెర పరీక్షకు ఆస్పత్రికి వచ్చినప్పుడు వాళ్ళను ఈ లెక్కలో చేర్చుకున్నారు. మీ వయసెంత? ఏం చదివారు? పొగ తాగుతారా? మీ భర్త మీకు పెళ్ళికి ముందు బంధువా? ఏ వరస? ఇలా అన్నీ అడిగి రాసుకున్నారు. ఇక్కడొక కిటుకు ఉంది. ప్రశ్నలు అడిగింది బిడ్డ పుట్టాక కాదు, పుట్టకముందు. లోపంతో బిడ్డ పుట్టాక అడిగితే తల్లి ప్రతి చిన్న విషయాన్నీ తవ్వి తలుచుకుంటుంది. బిడ్డ బాగా పుట్టిన తల్లి చాలావాటిని మరిచిపోతుంది. ముందే అడిగితే ఆ పొరపాటుకు తావుండదు.

2007 నుంచి 2011 దాకా పుట్టిన బిడ్డల లెక్కను ఈమన్ షెరిడన్, ఆయన సహచరులు 2013లో లాన్సెట్ అనే వైద్యపత్రికలో ప్రకటించారు. తల్లుల వివరాలన్నీ దొరికిన బిడ్డలు 11,396 మంది. వాళ్ళలో పుట్టుక లోపం ఉన్నవాళ్ళు 386 మంది. అంటే నూటికి మూడుకు కొంచెం పైన. ఇంగ్లండు, వేల్సు మొత్తానికి అదే తరహా పట్టికలలో ఉన్న లెక్క వెయ్యికి 16, 17 కాగా, బ్రాడ్‌ఫర్డ్‌లో వెయ్యికి 30 దాటింది. దాదాపు రెట్టింపు!

ఎందుకు రెట్టింపు? ఒక్కొక్క అనుమానాన్నీ పరీక్షించారు. బీదపేటల్లో పుట్టినవాళ్ళకూ కలిగినవాళ్ళ పేటల్లో పుట్టినవాళ్ళకూ తేడా ఉందా? లేదు. పాకిస్తానీ కుటుంబాల బిడ్డలు 5,127 మంది ఉంటే, వాళ్ళలో 1,922 మంది తల్లిదండ్రులు అన్నదమ్ముల, అక్కచెల్లెళ్ళ లేక అన్నాచెల్లెళ్ళ పిల్లలు. అంటే నూటికి 37 మంది. ఆ పెళ్ళిళ్ళలో పుట్టిన బిడ్డలకు లోపాలు వచ్చే అవకాశం నూటికి మూడు నుంచి నూటికి ఆరుకు పెరిగిందని తేలింది.

డార్విన్ అడిగిన ప్రశ్నకు ఇదీ జవాబు. నూటికి ముగ్గురు, ఆరుగురవుతారు.

ఈ అంకెను రెండు వైపుల నుంచీ చూడాలి. ముగ్గురు ఆరుగురయ్యారంటే రెట్టింపు. నూరు కుటుంబాలకు మూడు కుటుంబాల చొప్పున అదనపు దుఃఖం. అది చిన్న విషయం కాదు. మరోవైపు, ఆ పెళ్ళిళ్ళలోనూ నూటికి తొంభై నలుగురు బిడ్డలు ఏ లోపమూ లేకుండానే పుట్టారు. ఇంకో సంగతి. అదే ఊళ్ళో 34 ఏళ్ళు దాటాక కన్న తెల్లజాతి తల్లులలో కూడా లోపాల అవకాశం నూటికి రెండు నుంచి నాలుగుకు పెరిగింది. అది కూడా దాదాపు రెట్టింపే. పాకిస్తానీ కుటుంబాల బిడ్డలలో వచ్చిన మొత్తం లోపాలలో బంధువుల పెళ్ళిళ్ళ వాటా నూటికి 31. మిగతా 69 వేరే కారణాలవి. కాబట్టి ‘అంతా మేనరికం వల్లనే’ అన్నా తప్పే. ‘మేనరికంతో ఏ ప్రమాదమూ లేదు’ అన్నా తప్పే.

లెక్కలో మరొకటి కూడా బయటపడింది. డిగ్రీ చదివిన తల్లుల బిడ్డలలో లోపాలు దాదాపు సగమే. ఏ జాతి తల్లులయినా అంతే. అమ్మాయిల చదువు ఎందుకని ఎవరైనా అడిగితే ఈ మాట కూడా చెప్పండి.

చింతగింజల పాఠం

బంధువుల పెళ్ళికీ లోపానికీ సంబంధం ఏమిటి? అష్టాచెమ్మా ఆడటానికి ఒకవైపు అరగదీసిన చింతగింజలు మీ ఇంట్లో ఉంటే తెచ్చుకోండి. రెండు చాలు.

మనలో ప్రతి జన్యువూ జతగా ఉంటుంది. ఒకటి అమ్మది, ఒకటి నాన్నది. జతలో ఒకటి చెడిపోయినా రెండోది మంచిదైతే చాలా సందర్భాల్లో పని నడిచిపోతుంది. రెండెద్దుల బండిలో ఒక ఎద్దు కుంటుతున్నా రెండోది లాక్కుపోయినట్టు. అలా చాటున దాగే లక్షణాన్ని అంతర్గత లక్షణం అంటారని మెండెల్ పాఠంలో చదివే ఉంటారు. దాదాపు మనందరిలోనూ ఇలాంటి చెడ్డ జన్యువులు కొన్ని దాగి ఉన్నాయి. వాటి వల్ల మనకు ఏ బాధా లేదు. అవి ఉన్నాయని కూడా మనకు తెలియదు.

ఇప్పుడు ఒక చింతగింజ తల్లి, ఒకటి తండ్రి. ఇద్దరిలోనూ ఒకే చెడ్డ జన్యువు దాగి ఉందనుకోండి. గింజ నల్లవైపు పడితే మంచి జన్యువు, తెల్లవైపు పడితే చెడ్డది బిడ్డకు వెళ్ళినట్టు. రెండు గింజలూ కలిపి నలభైసార్లు వేసి చూడండి. రెండూ తెల్లగా పడేది సుమారు పదిసార్లు. అంటే నాలుగోవంతు. ఆ బిడ్డకే లోపం వస్తుంది. మిగతా మూడువంతుల బిడ్డలకు రాదు.

అయితే ఇద్దరిలోనూ అదే చెడ్డ జన్యువు ఉండటానికి అవకాశమెంత? నూటికి ఒకరిలో దాగి ఉండే జన్యువును తీసుకుందాం. ఏ చుట్టరికమూ లేని ఇద్దరిలో ఇద్దరికీ ఉండే అవకాశం నూటిలో ఒకటిని మళ్ళీ నూటితో భాగించినంత. అంటే పదివేలలో ఒకటి. అందులో బిడ్డకు వచ్చేది నాలుగోవంతు. మొత్తం 40,000లో ఒకటి.

ఇక బావా మరదళ్ళ సంగతి. అబ్బాయిలో ఆ జన్యువు ఉంది. అది వాళ్ళ అమ్మ నుంచి వచ్చి ఉండే అవకాశం సగం. అమ్మకు ఉంటే ఆమె అన్నకు, అంటే మేనమామకు కూడా ఉండే అవకాశం అందులో సగం. మేనమామ నుంచి ఆయన కూతురికి దిగే అవకాశం మళ్ళీ సగం. సగంలో సగంలో సగం, అంటే ఎనిమిదోవంతు. కాబట్టి లెక్క ఇలా మారుతుంది: నూటిలో ఒకటి, దానిలో ఎనిమిదోవంతు, దానిలో నాలుగోవంతు. మొత్తం 3,200లో ఒకటి. పన్నెండు రెట్లకు పైగా పెరిగింది!

మేనమామే అక్క కూతుర్ని చేసుకుంటే? మెట్లు మూడు కాదు, రెండే. అమ్మాయిలోని జన్యువు వాళ్ళ అమ్మ నుంచి వచ్చే అవకాశం సగం, అమ్మ తమ్ముడికి ఉండే అవకాశం అందులో సగం. నాలుగోవంతు. ఈ లెక్కన 1,600లో ఒకటి. బావా మరదళ్ళ పెళ్ళి కన్నా ఇది రెట్టింపు ప్రమాదం.

ఇక్కడ మీకో సందేహం రావాలి. ప్రమాదం పన్నెండు రెట్లు పెరిగితే బ్రాడ్‌ఫర్డ్‌లో రెండు రెట్లే ఎందుకు కనిపించింది? ఎందుకంటే ఇలా జతగా దిగే చెడ్డ జన్యువులు మొత్తం లోపాలలో ఒక భాగానికే కారణం. జ్వరాలు, మందులు, క్రోమోజోములు, ఇతర కారణాల వల్ల వచ్చే లోపాలు బంధువులకైనా పరాయివాళ్ళకైనా ఒకటే. ఆ ముగ్గురు అలాగే ఉంటారు. మేనరికం వాళ్ళకు మరో ముగ్గుర్ని కలుపుతుంది.

జన్యువులకు వరసలు తెలియవు

మనం మేనమామ కూతుర్నీ మేనత్త కొడుకునూ పెళ్ళి వరస అంటాం. చిన్నాన్న కూతుర్నీ పెద్దమ్మ కొడుకునూ చెల్లెలూ అన్నా అంటాం; పెళ్ళి మాటెత్తితే చెవులు మూసుకుంటాం. మీర్‌పూర్‌వాళ్ళలో చిన్నాన్న కూతుర్ని చేసుకోవడం మంచి సంబంధం. మరి ఏది తక్కువ ప్రమాదం? పైన కట్టిన లెక్కనే మళ్ళీ కట్టి చూడండి. మేనమామ బదులు చిన్నాన్నను పెట్టండి. ఎనిమిదోవంతే వస్తుంది! గోత్రం వేరయినా అంతే. మేనమామది మీ గోత్రం కాకపోవచ్చు కాని, ఆయనవీ మీ అమ్మవీ ఒకే తాత, అమ్మమ్మల జన్యువులు. వరసలు మనం పెట్టుకున్నవి. జన్యువులకు అవి తెలియవు.

1955 నాటి హిందూ వివాహ చట్టం ఇలాంటి దగ్గర చుట్టరికపు పెళ్ళిళ్ళను నిషేధించింది కాని, ఆచారం ఉన్నచోట్ల మినహాయింపు ఇచ్చింది. మన దగ్గర ఆ ఆచారం బలంగానే ఉంది. 2019–21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశం మొత్తం మీద రక్తసంబంధీకుల పెళ్ళిళ్ళు సుమారు నూటికి 11. ఆంధ్రప్రదేశ్‌లో సుమారు నాలుగింట ఒకటి. తెలంగాణలో అంతకన్నా తక్కువే అయినా, దేశపు సగటు కన్నా ఎక్కువ. బ్రాడ్‌ఫర్డ్‌లో ఏమయిందో తెలుసా? మొదటి లెక్కకూ పదేళ్ళ తరవాత తీసిన లెక్కకూ మధ్య అక్కడి పాకిస్తానీ కుటుంబాలలో బంధువుల పెళ్ళిళ్ళు బాగా తగ్గాయి. ఎవరూ చట్టం చేయలేదు. అమ్మాయిలు ఎక్కువ చదువుకున్నారు, విషయం తెలుసుకున్నారు.

మేనరికాలకు మనవాళ్ళు చెప్పే కారణాలు తేలికగా కొట్టిపారేయదగినవి కావు. అమ్మాయి తెలిసిన ఇంట్లోనే ఉంటుంది, అత్త అంటే మేనత్తే కదా, కట్నం బాధ తక్కువ, పొలం ముక్కలు కాదు. వీటిని ఒక తక్కెడలోనూ, నూటికి ముగ్గురు ఎక్కువ అన్నదాన్ని మరో తక్కెడలోనూ వేసి తూచుకోవలసింది పెళ్ళి చేసుకునేవాళ్ళు. తూచాలంటే ముందు తూకపురాయి బరువు తెలియాలి. ఆ బరువును లెక్క చెప్పింది.

తగ్గించగలిగినవి

మేనరికంతో సంబంధం లేకుండా ఎవరికైనా వచ్చే లోపాలలో కొన్నిటిని ఇప్పుడే తగ్గించవచ్చు. ఇందులో ఒక తెలుగువాడి చేయి ఉంది. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికా వెళ్ళి లెడర్లీ సంస్థలో పరిశోధన నడిపాడు. ఆయన బృందం 1945లో ఫోలిక్ ఆమ్లం అనే విటమిన్‌ను ప్రయోగశాలలో తయారుచేసింది. రక్తహీనతకు మందుగా అది వచ్చింది. ఆయన 1948లో చనిపోయాడు. అదే విటమిన్ మరో గొప్ప పని చేస్తుందని 1991లో తేలింది. వెన్నెముక మూసుకోని బిడ్డను అంతకుముందు కన్న తల్లులపై ఏడు దేశాలలో జరిగిన పరీక్షలో, ఫోలిక్ ఆమ్లం తీసుకున్నవాళ్ళలో ఆ లోపం మళ్ళీ రావడం 72 శాతం తగ్గింది.

అయితే ఒక షరతు. వెన్నుపాముగా మారే గొట్టం పిండం ఏర్పడిన 28 రోజులలోపే మూసుకుంటుంది. అప్పటికి చాలామంది స్త్రీలకు తాము గర్భవతులమని కూడా తెలియదు. కనుక గర్భం రాకముందు నుంచే ఆ మాత్రలు వేసుకోవాలి. అలాగే రుబెల్లా టీకా పెళ్ళికి చాలా ముందే పడాలి. గర్భిణి డాక్టరు చెప్పని మందు వేసుకోకూడదు. పొగ, మద్యం దగ్గరికి రానీయకూడదు.

లోపంతో పుట్టినవాళ్ళకూ ఇవాళ చికిత్సలున్నాయి. మొర్రిని శస్త్రచికిత్సతో కుడతారు. వంకర పాదాలను పుట్టిన కొద్ది వారాల్లోనే కట్లు మారుస్తూ తిన్నగా తెస్తారు. 2013లో మొదలయిన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద వైద్యబృందాలు అంగన్‌వాడీలకూ ప్రభుత్వ బడులకూ వచ్చి పిల్లల్ని పరీక్షిస్తాయి. మేనరికం చేసుకున్న దంపతులు, ఇంతకుముందు ఇంట్లో ఇలాంటి బిడ్డ పుట్టినవాళ్ళు గర్భానికి ముందే సలహా తీసుకోవచ్చు. హైదరాబాదు బేగంపేటలో ఉస్మానియా విశ్వవిద్యాలయానికి చెందిన జన్యుశాస్త్ర సంస్థ, జన్యువ్యాధుల ఆస్పత్రి అందుకే ఉన్నాయి.

మీరు చేయగలిగిన పని ఒకటుంది. మీ అమ్మమ్మనూ తాతయ్యనూ అడిగి మూడు తరాల వంశవృక్షం గీయండి. ఎక్కడెక్కడ మేనరికాలు ఉన్నాయో రెండు గీతలతో గుర్తు పెట్టండి. అది ఎవరినీ తప్పుపట్టడానికి కాదు. మీ పెళ్ళి మాట వచ్చే రోజున మీ చేతిలో ఉండవలసిన పటం అది. ఇక మీ వీధిలో మొర్రితోనో, వంకర పాదంతోనో ఒక బిడ్డ పుట్టి, నలుగురూ ఆ తల్లి గ్రహణం నాడు ఏం చేసిందని ఆరాతీస్తున్నారనుకోండి. ఏ దేశంలోనైనా నూటికి ముగ్గురు అలా పుడతారని వాళ్ళకు చెప్పండి. ఆ తరవాత, దగ్గరలో డాక్టరు ఎక్కడున్నారో ఆ తల్లికి చెప్పండి.